క్ష

సజా.
షార్జాకు అవతల, ఇసుకల, మా క్యాంపున్న జాగ పేరు.
ఈ ఒక్కదాన్నే మేం తప్పు రాయలేదు.
ఉన్నదున్నట్టు రాస్తేనే సరిపోయింది.

మొదటి తప్పు నిజంగ తప్పే.
లింబాద్రి బొటనవేలు, సిమెంటుకు పగిలింది,
దీర్ఘం మీద జారింది.
"రేపు పొద్దుగాల కాఫీలు వస్తున్నడట."
కఫీల్ వస్తున్నడని ఆయన బాధ.
పన్నెండు బంకులు ఊగినయ్ నవ్వుకు.
ఖాజామియా అడిగిండు: చక్కెర ఎన్ని చెంచాలు?

ఆ రాత్రి నుంచి గ్రూపుల సక్కటి మాట లేదు.
గ్రూపు పేరు "కంప మీద బట్ట".
క్యాంపే కంప. బట్టలం మేమే,
గుంజితే చినుగుతం.

షుర్తాలొస్తే షర్టులొచ్చినయ్ అంటం.
ఓవర్‌టైమును ఓ వరం టైమన్నం,
దేవుడు ప్రత్యక్షమైతడు గని సంతకం పెట్టడు.
ముదీర్‌ను ముదురు చేయనీకి
ఒక్క కొమ్ము సాలింది.
దుబాయి దూరబాయి అయింది,
చాంతాడు ఎంత ఇడిసినా
బొక్కెన తడవని బాయి.

శాలరీని సాలదరీ అన్ననాడు
రాజోలు సత్తిబాబు ఒప్పుకోలేదు.
"సాలదేంటండీ, చాలదు కదా,
చాలదరీ అని రాయాలి."
తప్పుల్ల ఏది ఒప్పు తప్పని
రెండు రాత్రులు కొట్లాట.
మూడో రాత్రి శాలరీ పడలేదు.
కొట్లాట ఆగింది.

క్యాంపు బాసుకు అనుమానమొచ్చి
మా రాతలు తన ఫోన్ల తర్జుమా పెట్టుకున్నడు.
యంత్రం చెప్పింది:
"కాఫీలు వస్తున్నాయి. చొక్కాలు జాగ్రత్త.
బావి దూరంగా ఉంది."
పాపం, నీళ్ల ట్యాంకరొకటి ఎక్కువ తెప్పించిండు.
ఆ వారం రెండు పూటలా స్నానం చేసినం,
ఒక అక్షరదోషం పుణ్యాన.

మంగళవారం, మధ్యాహ్నం మూడున్నర.
నేను పద్నాలుగో అంతస్తు మీద
సలాకలకు తీగ కడుతున్న.
జేబుల ఫోను వణికింది.
లింబాద్రి:

"నేను క్షేమంగా ఉన్నాను."

ఒక్క తప్పు లేదు.
సున్న దగ్గర సున్న, దీర్ఘం దగ్గర దీర్ఘం,
ఆఖరికి చుక్క గూడ.
ఎండల నాకు చలి పుట్టింది.
కింద సత్తిబాబు హెల్మెట్ తీసి పైకి చూస్తున్నడు.
ఆయనా చదివిండు.

ముదురు అరుస్తుంటే అరవనిచ్చి
నలుగురం బస్సెక్కినం.

రూముల కింది బంకు మీద కూసున్నడు.
కుడిచెయ్యి మోచేతి దాకా తెల్లకట్టు.
షట్టరింగ్ ప్లేటు కింద రెండు వేళ్లు
ఇగ లెక్కల లేవు.
ఎడమచేతి బొటనవేలితో
నలభై నిమిషాలు పట్టిందట రాయనీకి.
"గ్రూపుకు గాదురా, సుజాతకు.
వేలు జారింది."

క్ష యాడ దొరికిందని అడిగిన.
సైటు గేటు మీద ఆరు భాషల బోర్డుంది,
మూడో వరుస మనది:
సురక్షితంగా పని చేయండి.
అంబులెన్సుల పండుకుంట చూసిండట,
ఆ ఒక్క అక్షరం మనసుల పట్టుకొచ్చిండు.

ఎవ్వలం మాట్లాడలేదు.
నా ఫోను తీసి చూసుకున్న,
మా ఇంటికి నేను పంపినవి, పైనుంచి కిందిదాకా.
అన్నం తిన్నాను. పని తేలికే. ఎండ లేదు.
మూడేండ్ల రాతల
ఒక్క అక్షరం గూడ వంకర పోలేదు.

లింబాద్రి ఆ మాటనే ఇంటికి పంపిండు.
సుజాత నాలుగో తరగతి దాకే చదివింది.
వెంటనే జవాబు:

"ఎవలు నువ్వు?
మా ఆయనకు క్ష రాయరాదు.
ఫోను ఆయనకియ్యి."

స్క్రీను మీద వెలుగు తగ్గుతుంటే
ఖాజామియా వేలితో తడుతున్నడు, ఆరిపోకుండ.
ఏం రాయాల్నో ఎవలికీ తోచలేదు.